తలవెల: విశాఖమండలపు కొండసీమ చరిత్రమున నొక విచారము

ఒక మనుష్యుని శిరస్సునకు వెల నిర్ణయించి, వానిఁ బట్టియిచ్చినవారికి ధనమిత్తుమని చాటించుట ప్రభుత్వములకుఁ జిరకాలమునుండి గల యాచారము. ఆ ధనమునకై వేఁటాడువాఁడు నవీన కల్పితకథలలో నొక ప్రధానపాత్రమై, భూమిని విడిచి గ్రహాంతరములకుఁ గూడ నెగసినాఁడు. 1980లో వెలువడిన ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ అను చలనచిత్రమున నక్షత్రమండలముల నడుమఁ బలాయితులను వెంబడించు బోబా ఫెట్ అట్టివాఁడే. ఇట్టి కథల కెల్లఁ బ్రాణము, ఎవఁ డెవని నమ్మివేయునో తుదివఱకుఁ దెలియకుండుట. ఈ ప్రశ్నయే విశాఖపట్టణమునుండి విజయనగరమునకుఁ బోవు త్రోవలోని యానందపుర ప్రాంతమునకుఁ బడమటను నైరృతిమూలను వ్యాపించిన కొండసీమలో మాటిమాటికిఁ బుట్టినది. ఆ సీమ చెప్పిన యుత్తరము కల్పితకథల యుత్తరముకంటె విచిత్రమైనది.

ముందుగా శబ్దవిచారము. లోకవ్యవహారమున ‘తలకు వెల కట్టుట’ యందురు. దీనిని ‘తలవెల’ యని సమసించినచో విగ్రహవాక్యమును రెండు విధములఁ జెప్పవచ్చును. ‘తలయొక్క వెల’ యన్నచో షష్ఠీతత్పురుషము. అప్పుడు తల యమ్ముడువోవు వస్తువు. ‘తలకొఱకు వెల’ యన్నచోఁ జతుర్థీతత్పురుషము. అప్పుడు వెల పట్టువాని కూలి. ప్రభుత్వపుఁ బ్రకటన రెండవ యర్థమున వ్రాయఁబడును. కాని మొదటి యర్థమును గ్రహించినపుడే యసలు ప్రశ్న పుట్టును: అమ్మువాఁ డెవఁడు? పలాయితునకుఁ గూడు పెట్టి యింట దాఁచుకొన్నవాఁడే యమ్మఁగలవాఁడు. కావునఁ దలవెల చరిత్రమనఁగా వేఁటకాండ్ర చరిత్రము మాత్రమే కాదు. అమ్మినవారి చరిత్రమును, అమ్మనివారి చరిత్రమును.

ఆనందపురమునకు సమీపమునఁ గల పద్మనాభమువద్ద 1794 జూలై 10వ తేదిని విజయనగర ప్రభువగు చిన విజయరామరాజు కర్నల్ ప్రెండర్గాస్టు నడపిన కంపెనీ సేనతోఁ బోరాడి, తన యనుచరులతోఁ గూడ నిహతుఁ డయ్యెను. ఆయన కుమారుఁడు నారాయణబాబు చిన్నవాఁడు. అతఁడు మక్కువవైపు వెడలిపోఁగాఁ గొండజమీందారులు వాని నాశ్రయ మిచ్చి కాపాడిరి. తుదకుఁ గంపెనీవారే యతనితో నొడంబడిక చేసికొని సంస్థానములో నొక భాగమును మరల నిచ్చిరి. ఇందుఁ దలవెల ప్రసక్తి లేకున్నను, ఆశ్రయించినవానిని విడువకుండుట యను కొండసీమ నియమము ముందుగా నిచ్చటఁ గానవచ్చుచున్నది.

ఆ నియమము సర్వత్ర చెల్లినదని చెప్పుట మాత్రము సత్యము కాదు. 1879 మార్చిలో రంపసీమయందు మన్సబుదారుని చిగురుపన్ను వలనను, కల్లుగీఁతపై వచ్చిన క్రొత్త ఆబ్కారీ నిబంధనల వలనను దిరుగుబాటు పుట్టినది. అది గొలుగొండ కొండలకును, భద్రాచలము తాలూకాలోని రేకపల్లెకును వ్యాపించెను. కారము తమ్మన్నదొర, అంబులరెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య అను వారలు నాయకులు. వీరిని బట్టియిచ్చినవారికి బహుమానము లిత్తుమని ప్రభుత్వము చాటించెను. తమ్మన్నదొర 1880లో మల్కనగిరి కొండలలోఁ బోలీసుల తుపాకికి బలియయ్యెను. చంద్రయ్య మాత్రము అదే సంవత్సరము ఫిబ్రవరిలో బయటినుండి వచ్చిన సేనచేతఁ గాక, కొండసీమవాఁడే యగు జంపా పండయ్యచేత హతుఁ డయ్యెను. సేనలు పట్టలేనివానిఁ దనవారు పట్టుదు రనుట కిది నిదర్శనము.

దాదాపుగా నదేకాలమున నమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున నిట్టిదే యొకటి జరిగినది. 1881లో నచ్చటి గవర్నరు క్రిట్టెండెన్, జెస్సీ జేమ్సు, ఫ్రాంకు జేమ్సు అను బందిపోటు సోదరులలో నొక్కొక్కనిఁ బట్టియిచ్చినవారి కైదువేల డాలర్లు ప్రకటించెను. 1882 ఏప్రిల్ 3వ తేదిని జెస్సీని జంపినవాఁడు వాని ముఠాలోఁ జేరి, వాని యింటనే యున్న రాబర్టు ఫోర్డు. ఫోర్డునకు హత్యానేరమున మరణశిక్ష విధింపఁబడి, యా దినముననే గవర్నరు క్షమాపణ లభించినది. ప్రకటించిన సొమ్ములోఁ గొంతభాగమే చేతికందినది. నవీనకథలలోని వేఁటకానికి మూలపురుషుఁ డీ సీమవాఁడే. ఆ కథలు వేఁటకాని ధైర్యమును వర్ణించును. చరిత్రము చూపునది స్నేహవిక్రయము.

ఇంక గూడెము కొండల సంగతి. 1922 నాఁటికి పోడు వ్యవసాయముపై నడవిచట్టముల నిర్బంధము, త్రోవపనులలో వెట్టి యను రెండు కష్టములు గిరిజనులను గ్రుంగఁదీసినవి. నర్సీపట్నమునుండి చింతపల్లివైపు వేయుచున్న రోడ్డుపనికి ఆఱణాల కూలి రావలసియుండఁగా, గూడెము డిప్యూటీ తహశీల్దారు బాస్టియను రెండణాలే యిచ్చుచున్నాఁడని కూలీలు మొఱవెట్టిరి. అల్లూరి సీతారామరాజు నాయకుఁడుగా, గాము గంటముదొర, మల్లుదొర సోదరులు తోడుగా, 1922 ఆగస్టు 22, 23, 24 తేదులలో వరుసగాఁ జింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలు ముట్టడింపఁబడినవి. 26 తుపాకులు చేఁజిక్కినవి. సెప్టెంబరు 24వ తేదిని దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అను నాంగ్లేయ యధికారు లిరువురు హతులైరి. ప్రభుత్వము రామరాజు తలకు రూ. 10,000లును, గంటముదొర, మల్లుదొరల తలల కొక్కొక్కదానికి రూ. 1,000 చొప్పునను వెల కట్టెను.

ఈ మొత్తమును కొండకూలి లెక్కతోఁ గొలిచి చూడవలెను. దినమున కాఱణాల చొప్పునఁ బదివేల రూపాయలు 26,666 దినముల కూలికి మించును. ఒక్కదినమైనఁ దప్పక పనిచేసినను డెబ్బదిమూఁ డేండ్లు పట్టును. చేతికి వచ్చుచుండెనన్న రెండణాల లెక్కను రెండువందల పందొమ్మిదేండ్లు. ఒక మాటతో నింతటి ధనము లభించునని తెలిసియు నా మాట చెప్పక పల్లెలు దినములు గడపినవి.

‘ఇది భక్తి కాదు, భయము, తిరుగుబాటుదారులు పగఁదీర్చుకొందురని పల్లెవారు నోరు మెదపలేదు’ అని పూర్వపక్షము. ఈ వాదమును ద్రోసివేయరాదు. ఆయుధములు ధరించినవారి సమీపమున నివసించువారికి భయము సహజమే. కాని భయమే యేకైకకారణమైనచో, దళము బలహీనమైన కొలఁది నోళ్లు విడవలెను. 1922 డిసెంబరు 6వ తేదిని పెదగడ్డపాలెమువద్ద రామరాజు దళమునకుఁ బెద్దదెబ్బ తగిలినది. 1923 జనవరిలో నస్సాము రైఫిల్సు దిగినది. వెల నిలిచియున్నది, భయపెట్టువారి సంఖ్య తగ్గినది. అయినను బదియేడు నెలలు రామరాజు చిక్కలేదు. 1923 ఏప్రిల్‌లో నన్నవరమునకు బహిరంగముగా వచ్చి పోయెను. కావున భయముతోఁ బాటు మఱియొక బలముండెననుట సిద్ధాంతము.

1924లో రూథరుఫర్డు ప్రత్యేక కమీషనరుగా వచ్చిన పిమ్మటఁ గొండపల్లెలపై నిర్బంధము హెచ్చినది. మే 7వ తేదిని రామరాజు మంప సమీపమున గస్తీదళమునకుఁ జిక్కి, కొయ్యూరునకుఁ గొనిపోఁబడి, యచ్చట మేజరు గుడాలు శిబిరమున నాదినముననే కాల్చి చంపఁబడెను. పాఱిపోవఁ బ్రయత్నించెనని ప్రభుత్వము చెప్పినది. చెట్టునకుఁ గట్టి కాల్చిరని జనులు చెప్పుదురు. ఏ పక్షమును గైకొన్నను విచారణ జరుగలేదనుట నిర్వివాదము. ‘పట్టువాని కూలి’ యని వ్రాసిన ప్రభుత్వమే తుదకుఁ దలను వస్తువుగాఁ జూచినది. చతుర్థి షష్ఠిగా మాఱినది.

గంటముదొర 1924 జూన్‌లో హతుఁ డయ్యెను. మల్లుదొర 1923 సెప్టెంబరులోనే పట్టుబడి, న్యాయస్థానమున నిలిచి, శిక్షపడి, యండమానులకుఁ బంపఁబడెను. విచారణ జరిగినందుననే యతఁడు బ్రదికెను. 1952 నాఁటి తొలి సార్వత్రిక ఎన్నికలలో విశాఖపట్టణ నియోజకవర్గమునుండి యతఁడు లోక్‌సభ కెన్నుకొనఁబడెను. వేయిరూపాయల వెలగల తల శాసనములు చేయు సభలోఁ గూర్చుండెను. కొయ్యూరునఁ గూడ న్యాయవిచారణ జరిగియున్నచోఁ జరిత్రము మఱేమి చూపెడిదో యీ యొక్క యుదాహరణమే సూచించుచున్నది.

పదివేల తలపేరు 2022 ఏప్రిల్ 4వ తేదిని పాడేరు కేంద్రముగా నేర్పడిన జిల్లా కుంచఁబడినది. రామరాజునకు విగ్రహములును నెలకొల్పఁబడినవి. కాని రెండువందల పందొమ్మిదేండ్ల కూలిని గాదని, యాకలితో నుండియు నోరు విప్పని పల్లెవారి పేరులు మాత్రము ఏ ప్రకటనపత్రమునను గానరావు. తలవెల చరిత్రమును వ్రాయువారు వెలకట్టినవారిని, వెలకట్టఁబడినవారిని బేర్కొని యూరకుండిన నది యర్ధచరిత్రమే యగును.