బిందు పరిమాణము – ఉపరితలములు తడియు విధము

ఘనపదార్థముపై బడిన ద్రవబిందువు వ్యాపించునా, ముత్యమువలె నిలుచునా, యెగిరి క్రిందబడునా యనునది ద్రవముయొక్క తలతన్యతపైనను, ఉపరితలపు నైజముపైనను, బిందు పరిమాణముపైనను ఆధారపడును. నిజామాబాదు జిల్లాయందలి భీమ్‌గల్, ఆర్మూరు ప్రాంతములలో పసుపుచేలకు తాటాకు తెగులు సోకినపుడు మందు పిచికారీ చేయు రైతునకు నిత్యానుభవమైన విషయమిది.

తామరాకున కంటని నీటిని ప్రాచీనులెల్లరు నెఱుగుదురు. శాస్త్రవిచారణ మాత్రము 1805లో థామస్ యంగ్ తెలిపిన స్పర్శకోణ (బిందువు అంచు తలముతో చేయు కోణము) నియమముతో నారంభమైనది. మరుసటి యేట లాప్లాసు, వ్యాసార్ధము తగ్గినకొలది బిందువు లోపలి యొత్తిడి హెచ్చునని సూత్రీకరించెను. నీటియందు సుమారు 2.7 మిల్లీమీటర్లను మించిన బిందువును గురుత్వము చదును చేయును. అంతకు మిక్కిలి చిన్నదైనది తలతన్యతకే లోబడి గోళఖండముగా నిలుచును.

1936లో పిట్స్‌బర్గునందలి రాబర్ట్ వెంజెల్, గరుకుదనము తడియు తలమును మఱింత తడియునట్లును, తడియనిదానిని మఱింత తడియనట్లును చేయునని చూపెను. 1944లో పరిశోధకులగు కాసీ, బాక్స్‌టర్‌లు నీరంటని వస్త్రములను, బాతుయీకలను పరిశీలించి, బిందువు క్రింద గాలి చిక్కుకొను దశను వివరించిరి. నీరు గరుకుల సందులను నింపు వెంజెల్ దశకును, గాలి చిక్కుకొను ఈ దశకును నడుమ పరిమాణము నొక తీర్పరి: మిక్కిలి చిన్న బిందువు తన లోపలి యొత్తిడిచే గాలిని త్రోసి గరుకుల సందులలోనికి చొరబడగలదు.

ఈ జ్ఞానమును పొలమునకు దింపిన ఘనత 1950 దశకమున పరిశోధకులగు బ్రన్‌స్కిల్, హార్ట్లీలది. బఠానీ యాకుపై బడిన పెద్ద బిందువు వేగముచే చదునై, తలతన్యతచే మరల ముడుచుకొని యెగిరిపోవుననియు, సూక్ష్మబిందువు నిలిచిపోవుననియు, తలతన్యత తగ్గిన నిలుకడ హెచ్చుననియు వారి సరళమును ప్రశంసనీయమునైన పరీక్షలు తెలిపినవి. మందునీటిలో సబ్బునీరు కలుపుటకు గల హేతువిదియే.

మిల్లీలీటరు ద్రవమును 400 మైక్రాన్ల బిందువులుగా విడగొట్టిన సుమారు 30 వేలును, 200 మైక్రాన్లవిగా చేసిన దాదాపు 2 లక్షల 39 వేలును అగును. మొత్తము వైశాల్యము రెట్టింపగును. అట్లని బిందువును మితిమీరి సూక్ష్మము చేయరాదు. వ్యాసము సగమైన ఆరుకాలము ఇంచుమించు నాల్గవవంతగును, గాలికి ప్రక్కచేనికి కొట్టుకొనిపోవును. మఱియొక ప్రక్క, పెద్ద బిందువులు నిటారైన పసుపాకుపై నొండొంటితో గలిసి, తొడిమవెంబడి జాఱి బోదెపై మట్టిలో నింకును. రంధ్రమరిగిన నాజిలు బిందువులను పెద్దవి చేయును గావున, పంపు ఎంత క్రొత్తదైనను నాజిలును సకాలమున మార్చుకొనవలెను.