ధమని గోడలో ఇన్‌ఫ్లమేషన్: పూడికపై పొర పలచబడే తీరు

గుండె రక్తనాళంలో పూడిక ఉందనగానే అందరూ అడిగేది ఎంత శాతమని. నాళం ఎంత ఇరుకైందో ఆ అంకె చెబుతుంది. గోడ ఏ స్థితిలో ఉందో చెప్పదు. నాళాన్ని పెద్దగా ఇరుకు చేయని పూడిక కూడా చిట్లి గుండెపోటు తెస్తుంది. పూడిక చిట్లుతుందా, నిలుస్తుందా అన్నది చాలావరకు దాన్ని కప్పిన కొల్లాజెన్ పొర మీద ఆధారపడుతుందనీ, ఆ పొరను రెండు వైపులా దెబ్బతీసేది రోగనిరోధక కణాలు రేపే మంట, అంటే ఇన్‌ఫ్లమేషనేననీ ఈ వ్యాసం వాదం.

ఈ ఆలోచన కొత్తది కాదు. 19వ శతాబ్దంలోనే రుడాల్ఫ్ విర్కో పూడికను ధమని లోపొరకు వచ్చే ఇన్‌ఫ్లమేషన్‌గా చూశాడు. 1913లో నికొలాయ్ అనిచ్కోవ్ కుందేళ్లకు కొలెస్ట్రాల్ తినిపించి ధమనుల్లో పూడికలు పుట్టించాడు. తర్వాతి దశాబ్దాల్లో చర్చ కొవ్వు చుట్టూనే తిరిగింది. 1999లో రసెల్ రాస్ పూడికను ఇన్‌ఫ్లమేషన్ జబ్బు అని సూటిగా పేర్కొన్నాడు. నిజానికి ఈ రెండు వాదాలకూ పోటీ లేదు. నిప్పు రాజేసేది కొవ్వే.

ధమని శాఖలుగా చీలే చోట రక్తప్రవాహం సుడులు తిరుగుతుంది. అక్కడ లోపలి అస్తరైన ఎండోథీలియం పట్టు సడలి, కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ రేణువులు లోపొరలోకి చేరతాయి. అక్కడి ప్రోటియోగ్లైకాన్లనే అణువులకు అతుక్కుని, ఆక్సీకరణ చెందుతాయి. ఎండోథీలియం అప్పుడు వీక్యామ్-1 వంటి అంటుకునే అణువులను పైకి తెచ్చి, రక్తంలో పోయే మోనోసైట్లనే తెల్లరక్తకణాలను ఆపుతుంది. అవి లోపలికి దూరి మాక్రోఫేజ్‌లుగా మారి, మారిన ఎల్‌డీఎల్‌ను మింగి నురుగు కణాలవుతాయి. చచ్చిన నురుగు కణాలను ఎత్తిపోసే పని వెనకబడితే పూడిక నడుమ మృతపదార్థం పేరుకుంటుంది. కొలెస్ట్రాల్ స్ఫటికాలు మాక్రోఫేజ్‌లలోని ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 యంత్రాంగాన్ని తట్టిలేపి, ఇన్‌ఫ్లమేషన్‌ను పెంచే సంకేత ప్రోటీన్ ఇంటర్‌ల్యూకిన్-1బీటాను విడుదల చేయిస్తాయి.

అసలు కథ పూడికను కప్పిన పొరది. మధ్యపొరలోని నునుపు కండర కణాలు లోపొరకు వలస వచ్చి కొల్లాజెన్ నేస్తాయి. గోడ తనను తాను కాపాడుకునే ప్రయత్నమిది. రోగనిరోధక వ్యవస్థకు చెందిన టీ కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్-గామా ఆ నేతను మందగింపజేస్తుంది. మరోపక్క మాక్రోఫేజ్‌ల ఎంజైములు అప్పటికే నేసిన పోగులను తెంచుతాయి. మగ్గం ఆగి, కత్తెర ఆడుతూనే ఉంటే గుడ్డ ఎన్నాళ్లు నిలుస్తుంది? మరణానంతర పరీక్షల ఆధారంగా 65 మైక్రోమీటర్ల లోపు పొరను పలచనిదిగా లెక్కిస్తారు. దాదాపు తలవెంట్రుక మందమన్నమాట. అది చిట్లగానే లోపలి టిష్యూ ఫ్యాక్టర్ రక్తానికి తగిలి గడ్డ కడుతుంది. అన్ని గడ్డలకూ ఇదే కారణం కాదని చెప్పి తీరాలి. కొన్నిచోట్ల పొర చెక్కుచెదరకుండా ఎండోథీలియం మాత్రమే రాలి గడ్డ పుడుతుంది; ఆ దారికి నా వాదం వర్తించదు.

మనుషుల్లో ఇన్‌ఫ్లమేషన్ పాత్రకు రుజువు 2017లో వచ్చింది. క్యాంటోస్ పరీక్షలో, అప్పటికే గుండెపోటు వచ్చిన 10,061 మందిలో కొందరికి ఇంటర్‌ల్యూకిన్-1బీటాను అడ్డుకునే కానకినుమాబ్ ఇచ్చారు. 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. ఎల్‌డీఎల్ మాత్రం తగ్గలేదు. అయితే ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాల్లో తేడా రాలేదు. మరుసటి ఏడాది తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్‌తో చేసిన పరీక్ష విఫలమైంది; ఆ మందు ఇంటర్‌ల్యూకిన్-1బీటానే తగ్గించలేదు. నా దృష్టిలో ఈ వైఫల్యం విజయమంత విలువైనది. ఇన్‌ఫ్లమేషన్‌ను ఏదో ఒక మందుతో అణచితే చాలదు, సరైన దారినే మూయాలి.

మరి గోడ స్థితిని తెలుసుకోవడమెలా? సీఆర్‌పీ రక్తపరీక్ష ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉందని చెబుతుంది గానీ ఏ గోడలోనో చెప్పదు. కాంతితో ధమని లోపలినుంచి చూసే ఓసీటీ 10 నుంచి 20 మైక్రోమీటర్ల తేడాను పట్టగలదు, కాబట్టి పొర మందాన్ని నేరుగా కొలవొచ్చు. కానీ అందుకు గుండె ధమనిలోకి సన్నని గొట్టం పంపాల్సిందే.