హెచ్‌పీఎల్‌సీలో పీక్ సమయం మారితే

రాయచూరు, హైదరాబాదు మందుల కంపెనీల ల్యాబుల్లో చేరే జాలహళ్ళి పిల్లలకు ఎదురయ్యే చిక్కు ఇది: నిన్న 6 నిమిషాలకు వచ్చిన పీక్ ఇవాళ 5.5కే వస్తుంది, బ్యాచ్ ఆగిపోతుంది.

ముందు కాలమ్‌లో ఆగని పదార్థం బయటికొచ్చే సమయం చూడాలి. అదీ అదే నిష్పత్తిలో మారితే తేడా ఫ్లోలో ఉన్నట్టు. ఆలస్యమైతే లీకు, పంపులో గాలి బుడగ, చెక్ వాల్వు వెతకాలి. అది కదలక మిగతా పీకులే మారితే మొబైల్ ఫేజ్, వేడి, కాలమ్ చూడాలి.

మన రాయచూరు ఎండల్లో కాలమ్ ఓవెన్ లేకుండా నడపడం పొరపాటు. 1 డిగ్రీ పెరిగితే పీక్ సుమారు 1–2 శాతం ముందుకొస్తుంది. అసిటోనైట్రైల్ 10 శాతం పెరిగితే పీక్ నిలిచే కాలం దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. అందుకే కొలజాడీలో చిన్న తప్పు కూడా పెద్దదే. బఫర్ పీహెచ్ అసిటోనైట్రైల్ కలపకముందే కొలవాలి.

అన్నీ సరిగా ఉంటే అదే రకం కొత్త కాలమ్ పెట్టండి. పాత సమయం తిరిగొస్తే కాలమ్ అరిగినట్టే.