కృష్ణా దిగువ డెల్టాలో పబ్జీ కాలం

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో చెడుగుడు, గోలీలు, బిళ్ళంగోడు ఎప్పుడు మొదలయ్యాయో తేదీ వేసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు గాని, పబ్జీ రాకకూ పోకకూ మాత్రం కచ్చితమైన తేదీలున్నాయి. 2018 మార్చి 19న మొబైల్ ఫోన్లకు అందుబాటులోకి వచ్చిన ఈ ఆట 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వుతో నిషేధానికి గురై, అదే ఏడాది అక్టోబరు 30న దేశంలో పూర్తిగా ఆగిపోయింది. ఈ కోవకు చెందిన ఆటలు ప్రపంచంలో చాలావరకు ఆడేవారు కరువై మూతపడగా, ఇక్కడ ఆడేవారు నిండుగా ఉన్న రోజుల్లోనే ఆట నిలిచిపోయింది. ఈ తేడాను పట్టించుకోకుండా అన్నిటినీ మోజు తీరిన ఆటలుగా ఒకే గాటన కట్టడం చరిత్రకు న్యాయం కాదు.

ఒకచోట చాలామందిని దింపి, చివరికి ఒక్కరో ఒక జట్టో మిగిలేదాకా పోరాడించే ఆటలను బ్యాటిల్ రాయల్ ఆటలంటారు. జపాన్ రచయిత కౌషున్ తకామి 1999లో వెలువరించిన నవల, మరుసటి ఏడాది దాని ఆధారంగా వచ్చిన సినిమా ఈ పేరును లోకానికి పరిచయం చేశాయి. అప్పటికే ఉన్న ఒక సైనిక ఆటకు 2013లో మార్పులు చేసి ఆ ఊహకు కంప్యూటర్ రూపం ఇచ్చినవాడు ఐర్లండ్‌కు చెందిన బ్రెండన్ గ్రీన్. అతడిని దక్షిణ కొరియా సంస్థ బ్లూహోల్ పిలిపించుకుని తయారుచేయించినదే 2017 మార్చిలో కంప్యూటర్లపై విడుదలైన పబ్జీ. దాన్ని ఆడాలంటే ఖరీదైన కంప్యూటర్ ఉండాలి, ఆటను డబ్బు పెట్టి కొనాలి. కనుక చైనా సంస్థ టెన్సెంట్ దానిని ఉచితంగా ఫోన్లోకి తెచ్చేవరకు డెల్టా ఊళ్లలోని సామాన్య కుటుంబాల పిల్లలకు అది అందే వస్తువు కాలేదు.

ఫోన్లోకి వచ్చినంత మాత్రాన ఆట నడవదు, దానికి తెగకుండా అందే ఇంటర్నెట్ కావాలి. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై డేటా ధర ఒక్కసారిగా పడిపోవడం, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించడం ఈ కథకు ముందుమాట వంటివి. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోన్, ఇంటర్నెట్ మూడూ ఇస్తామన్న ఆ పథకంలో, కేబుల్‌ను భూమిలో పూడ్చకుండా చాలావరకు కరెంటు స్తంభాల మీదుగా లాగడం వల్ల పని త్వరగా, చవకగా సాగింది. తుఫాను గాలికి స్తంభాలే ఒరిగిపోయే తీరంలో ఆ పద్ధతి ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే చర్చ. ఆట వచ్చేనాటికి దారి మాత్రం సిద్ధంగా ఉంది.

ఆట నడిచే తీరు ఇది. ముందుగా లాబీ అనే నిరీక్షణ స్థలంలో వందమంది పోగవుతారు. ఒక్కరుగా ఆడితే సోలో, ఇద్దరైతే డుయో, నలుగురైతే స్క్వాడ్. వారందరినీ ఎక్కించుకున్న విమానం ఎరాంగెల్ అనే ద్వీపం మీదుగా పోతుండగా, ఎవరికి నచ్చినచోట వారు పారాచూట్‌తో దూకుతారు. దిగేటప్పుడు చేతిలో ఏమీ ఉండదు గనుక ఖాళీ ఇళ్లలో జొరబడి తుపాకులు, మందుగుండు, హెల్మెట్లు ఏరుకోవాలి, దానినే లూట్ అంటారు. కొద్ది నిమిషాలకొకసారి ఆటస్థలం చుట్టూ ఒక వలయం బిగుసుకుంటూ వస్తుంది. జోన్ అని పిలిచే ఆ వలయానికి వెలుపల చిక్కినవారు క్రమంగా ప్రాణం కోల్పోతారు కనుక దాక్కుని కాలక్షేపం చేయడం కుదరదు. ఎరాంగెల్‌లో దక్షిణాన ఉన్న సైనిక స్థావరం మరో దీవి మీద ఉండటంతో, జోన్ అటు పడితే నీరు దాటక తప్పదు, వంతెన మీదుగా పోతే దాని కొసన కాపు కాసే జట్టు చేతిలో చచ్చే ప్రమాదమూ తప్పదు. నదీపాయల నడుమ బతుకుతూ, పులిగడ్డ వంటి దాటుచోట్ల విలువ ఎరిగిన దివిసీమవాసికి ఈ కిటుకు విడమరచి చెప్పనక్కరలేదు.

తెరమీది అక్షరాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నా ఆట తెలుగులోనే సాగింది. స్క్వాడ్‌లోని నలుగురూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలుండటంతో, శత్రువు ఏ దిక్కున ఉన్నాడో చెప్పడం, నాక్ అయిన వాడిని, అంటే దెబ్బతిని నేలకొరిగిన వాడిని, రివైవ్ చేయమని, అంటే తిరిగి లేపమని, బతిమాలడం, లూట్ అంతా ఒక్కడే ఏరుకున్నాడని తగువులాడటం, ఇవన్నీ ఊరి మాటల్లోనే జరిగాయి. చదువుకో ఉద్యోగానికో తలో ఊరు చేరిన స్నేహితులు రాత్రి ఒక వేళకు లాబీలో కలుసుకునే అలవాటు దీనితోనే ఏర్పడింది. ఆటను కేవలం హింసగా చూసిన పెద్దలు ఈ సంగతిని గమనించినట్టు లేదు. అలాగని వారి ఆందోళన ఉత్తిది కాదు: నిద్ర చెడటం, చదువు వెనకబడటం, ఫోన్ లాక్కుంటే గొడవలకు దిగడం చాలా ఇళ్లలో జరిగాయి, 2019లో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు ఆటను నిషేధించి ఆడుతున్నవారిని అరెస్టు చేసేదాకా విషయం వెళ్లింది.

ఫోన్ స్థాయిని బట్టి ఆటలోనూ అంతరాలు ఏర్పడ్డాయి. పబ్జీకి కనీసం 2 జీబీ ర్యామ్, అంటే ఫోన్ పనిచేస్తున్నప్పుడు తాత్కాలికంగా వాడుకునే జ్ఞాపకశక్తి, అవసరం కాగా, అంతకన్నా తక్కువ స్థాయి ఫోన్లకు 2019 జూలైలో 60 మందితో ఆడే లైట్ రూపం వచ్చింది. సింగపూర్ సంస్థ గరీనా విడుదల చేసిన ఫ్రీ ఫైర్ 50 మందితో పది నిమిషాల్లో ముగిసే ఆట కావడంతో పాతబడ్డ ఫోన్లలోనూ నడిచింది. అన్న కొత్త ఫోన్ కొనుక్కుంటే పాతది తమ్ముడికి దక్కే ఇళ్లలో అన్నది పబ్జీ, తమ్ముడిది ఫ్రీ ఫైర్ కావడం సహజమే.

ఇంతకూ ఇలాంటి ఆటలు ఎందుకు త్వరగా చస్తాయి? చదరంగానికి ఇద్దరు చాలు, చెడుగుడుకు పద్నాలుగుమంది చాలు, దీనికి వందమంది ఒకే క్షణాన కావాలి. నాలుగు ప్రాంతాల సర్వర్లు, రెండు ద్వీపాలు, సోలో, డుయో, స్క్వాడ్ అనే మూడు పద్ధతులు ఉన్నాయనుకుంటే మొత్తం ఇరవైనాలుగు వరుసలవుతాయి. ఒక్కో వరుసలో ఒక్కో ఆట మొదలు కావడానికే 2400 మంది ఒకే నిమిషంలో సిద్ధంగా ఉండాలి. మొదటి అయిదు నిమిషాల్లో ఓడినవాడు వెంటనే మరో ఆట కోరతాడు. లాబీ నిండక అతడు ఎదురుచూడవలసి వస్తే విసుగెత్తి వేరే ఆటకు పోతాడు, అతడు పోవడంతో మిగిలినవారి నిరీక్షణ ఇంకా పెరుగుతుంది. ఖాళీలను బాట్లతో, అంటే యంత్రమే ఆడించే బొమ్మ ఆటగాళ్లతో, నింపే ఉపాయం ఉన్నా, చంపింది మనిషిని కాదని తెలిశాక గెలుపులో రుచి ఉండదు.

ఈ లెక్కకు బలైన ఆటలు చాలానే ఉన్నాయి. ది కలింగ్ అనే ఆట 2016లో పేరు తెచ్చుకుని పబ్జీ రాగానే వెలవెలబోయింది, 2018 జూలైలో వచ్చిన రెండో భాగాన్ని తయారీదారులు కొద్ది రోజులకే వెనక్కు తీసుకున్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో రాడికల్ హైట్స్ తెచ్చిన సంస్థ మేలో తానే మూతపడింది. ఫ్రెంచి సంస్థ యూబీసాఫ్ట్ 2020లో విడుదల చేసిన హైపర్ స్కేప్ 2022 ఏప్రిల్‌లో, మాయమంత్రాలతో పోరాడే స్పెల్‌బ్రేక్ 2023 జనవరిలో ముగిశాయి. 2022 మేలో ఫోన్లకు వచ్చిన ఎపెక్స్ లెజెండ్స్ మొబైల్ సరిగ్గా ఏడాది కూడా నిండకుండా 2023 మే 1న ఆగిపోయింది. పెద్ద సంస్థ, పెద్ద పేరు, భారీ పెట్టుబడి వీటిలో ఏదీ లాబీని నింపలేకపోయింది.

డెల్టాలో పబ్జీకి ఈ వ్యాధి సోకలేదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై, ఆ తరువాత ఆన్‌లైన్ తరగతుల పేరిట ఫోన్లు పిల్లల చేతికే రావడంతో లాబీలు మరింత కిక్కిరిశాయి. ఆటను ఆపినది సరిహద్దు రాజకీయం. జూన్ 15న గల్వాన్ లోయలో జరిగిన ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు సహా 20 మంది భారత సైనికులు అమరులయ్యాక, ఆ నెలాఖరున టిక్‌టాక్‌తో కలిపి 59 చైనా యాప్‌లను, సెప్టెంబరు 2న పబ్జీతో కలిపి మరో 118 యాప్‌లను కేంద్ర ఐటీ శాఖ నిషేధించింది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 69ఏ సెక్షన్ కింద వచ్చిన ఆ ఉత్తర్వుకు ఆధారం దేశ సార్వభౌమత్వం, భద్రత. పిల్లల వ్యసనం గురించి తల్లిదండ్రులు చేసిన ఫిర్యాదులకు అందులో చోటు లేదు. మరునాడే ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించాలని నిర్ణయించడంతో, పందెం కాసే ఆటకూ పందెం లేని ఆటకూ మధ్య గీత సామాన్యుల దృష్టిలో చెరిగిపోయింది.

నిషేధం తరువాత కొందరు వీపీఎన్ సాయంతో, అంటే తాము వేరే దేశంలో ఉన్నట్టు చూపించే దొడ్డిదారిన, మరికొన్నాళ్లు ఆడారు. అయితే ఫోన్ నుంచి సర్వర్‌కు సంకేతం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని పింగ్ అంటారు, దారి మళ్లేసరికి ఆ పింగ్ పెరిగి, కాల్చిన తూటా తగిలేలోపే తాము చచ్చే పరిస్థితి వచ్చింది. 2021 జూలై 2న కొరియా సంస్థ క్రాఫ్టన్ అదే ఆటను బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా పేరుతో తెచ్చి, రక్తం రంగును ఆకుపచ్చగా మార్చి, 18 ఏళ్లు నిండనివారికి రోజుకు మూడు గంటల పరిమితి పెట్టింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్, జూలై 28న ఈ కొత్త పబ్జీ కూడా ప్రభుత్వ ఆజ్ఞతో దుకాణాల నుంచి మాయమయ్యాయి. కొత్త పబ్జీ 2023 మేలో మళ్లీ ప్రాణం పోసుకుని నేటికీ నడుస్తోంది. కానీ స్నేహితులు రాత్రికి రాత్రి చెదిరిపోయిన స్క్వాడ్‌లన్నీ తిరిగి కూడలేదు. కొందరికి ఉద్యోగాలు వచ్చాయి, కొందరు రీల్స్‌కు మళ్లారు.

ఈ ఆటలపై చరిత్ర రాయబోయేవారికి ఒక చిక్కుంది. 1990లలో టీవీకి తగిలించి ఆడిన మారియో, కాంట్రా క్యాసెట్లను పరికరం పనిచేస్తే ఇప్పటికీ తెరచి చూడవచ్చు. బ్యాటిల్ రాయల్ ఆటలో సగభాగం సంస్థ సర్వర్లో ఉంటుంది గనుక అది ఆగిన నాడు ఫోన్లో మిగిలిన ఫైలు పనికిరాదు. హైపర్ స్కేప్‌ను గాని, 2019 నాటి రూపంలోని పబ్జీని గాని నేడు ఎవరూ ఆడలేరు. వాటిని ఎలా ఆడారో, ఆడుతూ తెలుగులో ఏమని అరుచుకున్నారో తెలుసుకోవాలంటే, అప్పట్లో కుర్రాళ్లు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టిన వీడియోలను వెతకాల్సిందే.