కిరణ చికిత్సలో ప్రయోగాలు: ప్రశ్న ఎవరిది?

తెలుగులో 'ప్రయోగం' అనే మాటకు మంచి పేరు లేదు. వ్యాకరణంలో కర్తరి ప్రయోగం, కర్మణి ప్రయోగం ఉన్నాయి. వాటివల్ల విద్యార్థులకు తప్ప ఎవరికీ హాని లేదు. కాని పల్లెలో ఒకడి మీద ప్రయోగం జరిగిందంటే చేతబడి జరిగిందనే అర్థం. అందుచేత ఆస్పత్రిలో డాక్టరు "ఇది ప్రయోగంలో ఉన్న చికిత్స" అనగానే రోగీ, రోగి వెంట వచ్చినవాళ్లూ లేచి వెళ్లిపోతే, అది మూఢత్వమని నవ్వటానికి నేను సిద్ధంగా లేను. ఆ భయానికి చరిత్రలో ఆధారాలున్నాయి. అయితే అదే చరిత్రలో మరొక సంగతి కూడా ఉన్నది. సక్రమంగా జరిగిన ప్రయోగాల మూలంగానే లక్షలాది రోగులకు అనవసరమైన బాధా, ఖర్చూ, వారాల తరబడి పనికి నాగా పెట్టటమూ తప్పాయి. ఈ రెండు రకాల ప్రయోగాల్లోనూ యంత్రాలు దాదాపు ఒకటే, చదువుకున్న డాక్టర్లూ ఒకటే. ప్రశ్న ఎవరు అడిగారు, ఎవరి కోసం అడిగారు అన్నచోట తేడా వస్తుంది. కాన్సరుకు చేసే కిరణ చికిత్స చరిత్రను నేను ఈ దృష్టితో చదివాను.

మన పల్లెల్లో దీన్ని 'కరెంటు పెట్టటం' అంటారు. మాట శాస్త్రీయం కాకపోయినా, కంటికి కనబడకుండా ఒంట్లోకి దూరి పనిచేసే శక్తిని చెప్పటానికి అంతకంటే దగ్గరి మాట వాళ్లకు దొరకలేదు. 1895 నవంబరులో జర్మనీలో రోంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. 1898లో పారిస్‌లో క్యూరీ దంపతులు రేడియంను కనుగొన్నారు. ఆయనా పేటెంటు తీసుకోలేదు, వీళ్లూ తీసుకోలేదు. ఈ సంగతి మనవాళ్లు నీతికథలాగా చెబుతుంటారు. తర్వాతి కథ మాత్రం చెప్పరు. 1921లో మేరీ క్యూరీ ప్రయోగశాలకు ఒక్క గ్రాము రేడియం కావలసి వస్తే, అమెరికన్ స్త్రీలు చందాలు వేసుకుని లక్ష డాలర్లు పెట్టి కొని ఇవ్వవలసి వచ్చింది. కనుగొన్నవారు వదులుకున్న లాభాన్ని అమ్మేవాళ్లు వదులుకోలేదు.

ఆ పారిస్‌లోనే రేడియం సంస్థలో రెగో అనే శాస్త్రజ్ఞుడు పొట్టేళ్ల వృషణాలకు కిరణాలు పెట్టి చూశాడు. ఒకేసారి పెద్ద మోతాదు ఇస్తే పైచర్మం కాలిపోయేది గాని, పొట్టేలు గొడ్డుబోయేది కాదు. అదే మోతాదును విడగొట్టి కొన్ని రోజులపాటు ఇస్తే చర్మం నిలిచింది, లోపల బీజకణాలు చచ్చాయి. తెరిపి లేకుండా విభజన చెందే బీజకణం కాన్సరు కణానికి పోలిక. చర్మం, కణితి చుట్టూ ఉన్న ఆరోగ్యమైన కండకు పోలిక. ఈ తర్కం మీద కూటార్ అనే డాక్టరు గొంతు కాన్సరు రోగులకు చిన్న చిన్న మోతాదుల్లో చికిత్స చేసి, 1922లో ఫలితాలు ప్రకటించాడు. మోతాదు విడగొట్టాలన్న సూత్రం అక్కడినుంచి వచ్చింది. కాలక్రమాన అది సూత్రంగా ఉండటం మాని ఆచారమైపోయింది. రొమ్ము కాన్సరుకు శస్త్రచికిత్స తర్వాత రోజుకొకసారి చొప్పున ఐదు వారాలు, 25 సార్లు. ఎందుకు 25, ఎందుకు 15 కాకూడదు అని అడగటానికి చాలాకాలం ఎవరికీ అవసరం కనబడలేదు.

ఈలోగా యంత్రాలు మాత్రం ముందుకు సాగాయి. 1951లో కెనడాలో, అణు రియాక్టరులో తయారైన కోబాల్టు-60తో చికిత్స మొదలైంది. 1953లో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆస్పత్రిలో, విద్యుత్తుతో ఎలక్ట్రాన్లను వేగంగా పరుగెత్తించి కిరణాలు పుట్టించే యంత్రం రోగులకు వాడారు. స్వీడన్‌లో లార్స్ లెక్సెల్ అనే మెదడు శస్త్రవైద్యుడు 1951లో ఇంకొక ఆలోచన చేశాడు. అది 1968 నాటికి యంత్రమైంది. 179 కోబాల్టు గుళికల నుంచి 179 సన్నని కిరణాలు వేర్వేరు దిక్కుల నుంచి వచ్చి ఒక్క బిందువు దగ్గర కలుసుకుంటాయి. దీన్ని క్లాసులో చెప్పవలసివస్తే నేను ఇట్లా చెబుతాను: పొలంలో వందమంది ఒకే బాట పట్టి నడిస్తే బాట పొడుగునా గడ్డి చస్తుంది. అదే వందమంది వంద వైపుల నుంచి వచ్చి ఒక చెట్టు కింద చేరితే, చెట్టు కింది గడ్డి మాత్రమే చస్తుంది. తర్వాత కంప్యూటర్లూ, స్కానింగులూ వచ్చి, కిరణాన్ని కణితి ఆకారానికి తగినట్టు మలచటం సాధ్యమైంది.

సన్నని కిరణమైతే మంచిదే కదా అనిపిస్తుంది. అనిపించటం వేరు, తేలటం వేరు. అమెరికాలోని ఇండియానాలో ఊపిరితిత్తుల కాన్సరుకు ఇట్లా కేంద్రీకరించిన పెద్ద మోతాదులు మూడే మూడుసార్లు ఇచ్చి, 70 మంది రోగుల ఫలితాలను 2006లో ప్రకటించారు. కణితులు చాలావరకు అణిగాయి. కాని పెద్ద శ్వాసనాళాలకు దగ్గరగా కణితి ఉన్నవారిలో తీవ్రమైన హాని ఎక్కువగా కనిపించింది. మొత్తంమీద ఆరుగురి చావుకు చికిత్సే కారణమై ఉండవచ్చునని ఆ వైద్యులే రాశారు. రాయటం వారి నిజాయితీ. ఆ రాతవల్లనే తర్వాతివారు ఆ ప్రాంతానికి మోతాదు మార్చుకున్నారు.

రోగులను చీట్లు తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు పాత చికిత్స, రెండో గుంపుకు కొత్త చికిత్స ఇచ్చి పోల్చే పద్ధతి 1948లో బ్రిటన్‌లో క్షయకు వాడిన స్ట్రెప్టోమైసిన్ పరీక్షతో స్థిరపడింది. దాన్ని రూపొందించిన బ్రాడ్‌ఫర్డ్ హిల్ డాక్టరు కాదు, గణాంక శాస్త్రజ్ఞుడు. యుద్ధంతో చితికిన బ్రిటన్ దగ్గర అందరికీ మందు కొనేటన్ని డాలర్లు లేవు. ఎట్లాగూ అందరికీ ఇవ్వలేనప్పుడు, ఎవరికి ఇవ్వాలనేది డాక్టరు ఇష్టానికి గాని రోగి పలుకుబడికి గాని వదలకుండా చీటీకి వదిలారు. పెద్దమనిషి సిఫార్సు పనిచేయని చోటు ఆస్పత్రిలో అదొక్కటే అనుకుంటాను.

ఇక ఆ భయానికున్న ఆధారం. 1960 నుంచి 1971 దాకా అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో యూజీన్ సాంగర్ అనే డాక్టరు ఆధ్వర్యాన సుమారు 90 మంది కాన్సరు రోగులకు, కణితి మీద కాక ఒళ్లంతానో ఒంట్లో సగానికో కిరణాలు పెట్టారు. వారిలో ఎక్కువమంది పేదలు, నల్లజాతివారు. డబ్బు ఇచ్చినది రక్షణ శాఖ. అణుయుద్ధంలో కిరణాలు సోకిన సైనికుడు ఎంతసేపు పనికివస్తాడో తెలుసుకోవాలని దాని ఆరాటం. మొదటి ఐదేళ్లు రాతపూర్వకమైన సమ్మతి లేదు. వాంతులు వస్తాయని కూడా ముందుగా చెప్పలేదు. చెబితే ఆ మాటకే వాంతి వస్తుందని సాకు. ఇది చికిత్సేనని సాంగర్ చివరిదాకా వాదించాడు. కాని ఆ డబ్బు వెనుక ఉన్న ప్రశ్న రోగిది కాదు, సైన్యానిది.

ఈ వ్యవహారాన్ని బయటపెట్టినవారిలో ముఖ్యురాలు మార్తా స్టీఫెన్స్. ఆమె డాక్టరు కాదు, అదే విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పే ఉపాధ్యాయురాలు. రక్షణ శాఖకు పంపిన రిపోర్టులు పట్టుబట్టి సంపాదించి, సాహిత్యం చదివే శ్రద్ధతో చదివింది. అందులో రోగులకు పేర్లు లేవు. 1972 జనవరిలో అక్కడి జూనియర్ అధ్యాపకుల సంఘం ఆ వివరాలు ప్రకటించింది; అంతటితో ఆ పథకం ఆగింది. బాధితుల కుటుంబాలకు పరిహారం ఒప్పందం కుదరటానికి మాత్రం 1999 దాకా పట్టింది. సాహిత్యం చెప్పుకునేవాడికి వైద్యం గొడవ ఎందుకని నన్ను అడిగే మిత్రులకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఆమధ్య ఒక ఆస్పత్రివారి సమ్మతి పత్రం, తెలుగు ప్రతి, నా చేతికి వచ్చింది. మొదటి పేజీలో పదిహేను వాక్యాలుంటే పన్నెండు కర్మణి ప్రయోగాలు. "మీకు వికిరణము ఇవ్వబడును, రక్తనమూనా సేకరించబడును, వివరములు గోప్యముగా ఉంచబడును." ఇచ్చేదెవరు, సేకరించేదెవరు, ఉంచేదెవరు? వాక్యంలో కర్త మాయమైతే, తేడా వచ్చినప్పుడు అడగటానికి మనిషీ మాయమవుతాడు. చట్టం కోరిన సంతకం ఆ కాగితం మీద పడుతుంది. సమ్మతి పడిందో లేదో నాకు అనుమానమే.

బ్రిటన్ కథకు వస్తాను. అక్కడ 1980ల్లో రొమ్ము కాన్సరుకు కిరణ చికిత్స పొందిన కొందరు స్త్రీలకు, భుజం నుంచి చేతికి పోయే నరాలు దెబ్బతిని చెయ్యి చచ్చుబడింది. 1990ల ఆరంభంలో వాళ్లు సంఘంగా ఏర్పడి ఆందోళన చేశారు. ఆ జ్ఞాపకం చెదరకముందే, తక్కువసార్లు, ఒక్కొక్కసారి కాస్త పెద్ద మోతాదు ఇచ్చి చూద్దామనటం తేలిక కాదు. జాన్ యార్నల్డ్ ప్రభృతులు ఆ పని ప్రజాధనంతో నడిచే ఆస్పత్రుల్లో, ఏళ్లకేళ్లు ఓపికపట్టి చేశారు. వాళ్ల ఊహ ఇది: చిన్న మోతాదుల మధ్య విరామంలో ఆరోగ్య కణం కోలుకుంటుందన్నది నిజమే, కాని రొమ్ము కాన్సరు కణం కూడా దాదాపు అంతగానూ కోలుకుంటుంటే, ఐదు వారాలపాటు విడగొట్టి మనం కాపాడుతున్నది ఎవరిని?

1999లో మొదలైన స్టార్ట్ ప్రయోగాల్లో ఒకదానిలో 2215 మంది స్త్రీలు పాల్గొన్నారు. పాత పద్ధతి ఐదు వారాల్లో 50 గ్రేలు. కొత్తది మూడు వారాల్లో 40. గ్రే అంటే కండ ఇముడ్చుకున్న కిరణ శక్తికి కొలత. పదేళ్లు గమనించిన తర్వాత, 2013 నాటికి, మూడు వారాలు ఏమీ తీసిపోలేదని తేలింది. తర్వాత రొమ్మంతటికీ అవసరమా అని అడిగారు. 2007-10 మధ్య 2018 మందితో జరిగిన ఇంపోర్ట్ లో ప్రయోగంలో, ప్రమాదం తక్కువగా ఉన్న స్త్రీలకు కణితి తీసిన చోటు చుట్టూ మాత్రమే కిరణాలు పెట్టారు. ఐదేళ్లలో ఆ రొమ్ములో కాన్సరు తిరగబెట్టినవారు, రొమ్మంతటికీ పెట్టినప్పుడు నూటికి 1.1, ఆ కొంతమేరకే పెట్టినప్పుడు 0.5. ఆపైన ఫాస్ట్-ఫార్వర్డ్: 97 ఆస్పత్రులు, 4096 మంది, మూడు వారాలకు పోటీగా ఒక్క వారం, ఐదేసార్లు. 2020 ఏప్రిల్‌లో ఫలితం వచ్చింది. మూడు వారాలవారిలో తిరగబెట్టినది నూటికి 2.1, వారంలో 26 గ్రేలు పొందినవారిలో 1.4, హానిలోనూ పెద్ద తేడా లేదు. 27 గ్రేలు పొందిన గుంపులో మాత్రం తర్వాతి హాని కాస్త ఎక్కువ. ఒక్క గ్రే తేడాను పట్టుకోవటానికి నాలుగువేలమంది కావలసి వచ్చారు! కరోనా రోజులు గనుక బ్రిటన్ ఆస్పత్రులు ఈ పద్ధతిని వెంటనే చేపట్టాయి.

ఇరవై ఐదు పదిహేనైంది, పదిహేను ఐదైంది. ఇందులో అమ్మకానికి కొత్త సరుకేమీ లేదు. ఉన్న యంత్రాన్నే తక్కువసార్లు వాడమని చెప్పే ప్రయోగానికి ఏ వ్యాపారి డబ్బు పెడతాడు? అమెరికాలో ఎన్నిసార్లు కిరణం పెడితే అన్నిసార్లు బిల్లు వేసే పద్ధతి ఉన్నది. చికిత్సా మార్గదర్శకాలు తక్కువసార్లే చాలునని ఆమోదించిన రోగుల్లో కూడా, 2013లో ఆ చికిత్స పొందినది మూడింట ఒకరే. అక్కడే ప్రోటాను యంత్రాల సంగతి చూడండి. ప్రోటాను కణితి దగ్గర ఆగిపోతుంది, అవతలికి పోదు; 1946లో రాబర్ట్ విల్సన్ చెప్పిన ఈ భౌతిక సూత్రం అందమైనదే. పిల్లల మెదడు కణితుల వంటి చోట్ల దాని ఉపయోగాన్ని నేను కాదనను. కాని 1990లో కాలిఫోర్నియాలోని లోమా లిండా ఆస్పత్రిలో ఆ యంత్రం వెలిసిన తర్వాత, కోట్ల డాలర్లతో అట్లాంటివి ఇంకా కట్టి, ప్రోస్టేట్ గ్రంథి కాన్సరు రోగులను రప్పించారు. ఆ కాన్సరుకు మామూలు కిరణంకంటే ఇది మేలా అని 450 మందిని చీట్లతో విడదీసి చూసిన పరీక్ష 2012లో గాని మొదలుకాలేదు. 2024లో ఫలితం చెప్పారు: రెండేళ్ల తర్వాత పేగుల ఇబ్బందిలో తేడా లేదు. ముందు అమ్మకం, తర్వాత ప్రశ్న.

కంపెనీ సొమ్ము ముట్టిన ప్రయోగమల్లా అబద్ధమని వాదించే మిత్రులున్నారు. వారితో నేను ఏకీభవించను. అదే ప్రోస్టేట్ కాన్సరుకు ఐదుసార్ల కేంద్రీకృత చికిత్సను నాలుగు వారాలు, అంతకు మించిన చికిత్సతో 874 మందిలో పోల్చిన పేస్ ప్రయోగానికి యంత్రం తయారుచేసే కంపెనీ కొంత డబ్బు ఇచ్చింది. 2024లో వచ్చిన ఫలితం నమ్మదగినదే: ఐదేళ్లకు వ్యాధి తిరగబెట్టనివారు ఇటు నూటికి 95.8, అటు 94.6. అక్కడ కంపెనీ లాభమూ, రోగి లాభమూ ఒక దారిన పడ్డాయి. పడనిచోట ఆ ప్రశ్న అడిగేవాడు కావాలి.

మన దేశంలో అట్లా అడిగినవారున్నారు. ముంబయిలోని టాటా మెమోరియల్ 1962 నుంచి కేంద్ర అణుశక్తి శాఖ కింద ఉన్నది. 2011లో మొదలుపెట్టి, గర్భాశయ ముఖద్వార కాన్సరుకు శస్త్రచికిత్స అయిన 300 మంది స్త్రీలలో మామూలు కిరణ పద్ధతినీ, రోజూ చిత్రం తీసి సరిచూసుకుంటూ మలచిన కిరణాన్నీ అక్కడ పోల్చారు. ఇది ప్రధానంగా పేద స్త్రీల జబ్బు. ధనిక దేశాల్లో తగ్గిపోయింది గనుక, అక్కడివారికి ఈ ప్రశ్న మీద తొందర లేదు. మూడేళ్లలో పేగులకు చెప్పుకోదగిన హాని మామూలు పద్ధతిలో నూటికి 42.4, మలచిన కిరణంలో 21.1. రోగం తిరగబెట్టటంలో తేడా లేదు. ఖరీదైన యంత్రం విలాసమని కొట్టిపారేసే మనవాళ్లు ఈ అంకెలు చూడాలి.

సన్నబరచటమే ప్రగతి అనుకునేవారు మరొకటి చూడాలి. అదే సంస్థలో, ప్రమాదం ఎక్కువగా ఉన్న ప్రోస్టేట్ కాన్సరు రోగులు 224 మందిలో, గ్రంథికి మాత్రమే కిరణం పెట్టటాన్నీ, కటి ప్రాంతమంతటికీ పెట్టటాన్నీ పోల్చారు. 2021లో ఫలితం వచ్చింది. ఐదేళ్లకు రక్తపరీక్షలో వ్యాధి తిరగబెట్టనివారు వెడల్పు కిరణంతో నూటికి 95, సన్నని కిరణంతో 81.2. మొత్తంమీద బతికినవారి సంఖ్యలో తేడా రాలేదు గాని, ఇక్కడ వెడల్పే మేలని చెప్పినది ప్రయోగమే.

ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో పట్నానికి వచ్చి 'కరెంటు పెట్టించుకునే' కూలిమనిషికి చికిత్స ఖర్చు ప్రభుత్వం భరించినా, తోడు వచ్చినవాడి కూలి ఏ లెక్కలోకీ రాదు. రొమ్ము కాన్సరైతే ఈనాడు ఆమె డాక్టరును "ఐదు రోజులు చాలవా?" అని అడగవచ్చు. గర్భాశయ ముఖద్వార కాన్సరైతే, పేగుల హానిని సగానికి తగ్గించిన ఆ ముంబయి చికిత్స కూడా ఐదు వారాలదే, 25 సార్లు.