గాదెలు కట్టిన ఇంజినీరు, ఓటు లేని జనం

ఫ్రెండ్స్, మన గ్రూపులో సివిల్ చదివేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈసారి కెనడాలో ఇంజినీరు నుంచి మంత్రి అయిన ఒకాయన గురించి రాస్తున్నా. పేరు క్లారెన్స్ డెకాటర్ హౌ. అక్కడ సి.డి. హౌ అంటేనే తెలుస్తుంది.

పుట్టింది అమెరికాలో, 1886లో. 1907లో ఎంఐటీలో సివిల్ పూర్తిచేసి, మరుసటేడు కెనడాలోని డల్హౌసీ యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి వెళ్లాడు. 1913లో ప్రభుత్వ ధాన్యం బోర్డుకి చీఫ్ ఇంజినీరు అయ్యాడు. 1916లో సుపీరియర్ సరస్సు ఒడ్డున పోర్ట్ ఆర్థర్‌లో సొంత కంపెనీ పెట్టాడు. పని ఏంటంటే, పెద్ద పెద్ద కాంక్రీటు గాదెలు కట్టడం. రైల్లో వచ్చిన గోధుమల్ని యంత్రంతో పైకి ఎత్తి గాదెల్లో పోస్తారు, ఓడ రాగానే గొట్టంలోంచి కిందికి వదుల్తారు. మూటలు మోసే పని లేదు.

1935లో అదే ఊరి నుంచి లిబరల్ ఎంపీగా గెలిచాడు. రైల్వేలు, కాలవలు, ఓడలు, విమానాలు వేరే వేరే శాఖల కింద ఉండేవి. 1936లో వాటిని ఒక్కటి చేసి కెనడాకి మొదటి రవాణా మంత్రి అయ్యాడు. 1937లో ప్రభుత్వ విమాన సంస్థ ట్రాన్స్ కెనడా ఎయిర్‌లైన్స్ మొదలైంది, ఇప్పటి ఎయిర్ కెనడా అదే. యుద్ధం వచ్చాక ఆయుధాల శాఖ కూడా ఆయనదే. 1940 డిసెంబరులో బ్రిటన్ వెళ్తుంటే జర్మన్ సబ్‌మెరైన్ ఆయన ఎక్కిన ఓడని ముంచేసింది. లైఫ్‌బోటులో బతికి బయటపడ్డాడు, తిరిగొచ్చి మళ్లీ పనిలో దిగాడు. మొండి మనిషి, ఒప్పుకోవాలి.

ఇంతవరకు పుస్తకాల్లో దొరికేదే. నాకు ఆగాలనిపించింది వేరేచోట.

హౌ డిగ్రీ తీసుకున్న 1907లోనే, ఆగస్టు 29న, క్యూబెక్‌లో సెయింట్ లారెన్స్ నది మీద కడుతున్న వంతెన కూలింది. 75 మంది చనిపోయారు. అందులో 33 మంది కానవాకే అనే ఒక్క ఊరివాళ్లే, మోహాక్ తెగ ఇనుప పనివాళ్లు. లెక్క తప్పింది డిజైన్‌లో, ప్రాణాలు పోయింది వాళ్లవి.

దాదాపు యాభై ఏళ్లకి అదే నదిలో సముద్రపు ఓడలు సరస్సుల దాకా వచ్చేలా సీవే తవ్వారు. అప్పటికి హౌ వాణిజ్య మంత్రి, ఆ పథకానికి గట్టి మద్దతుదారు. కాలవ కోసం కానవాకే రిజర్వు నుంచి 1,200 ఎకరాలకి పైగా తీసుకున్నారు. నది ఒడ్డున పుట్టిన ఊరికి నదికి దారే లేకుండా పోయింది. పోలవరం ముంపు ఊళ్లవాళ్లకి నేను దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

అడగడానికి వాళ్లకి ఎంపీ ఎవరు? తెగ హోదా వదులుకుంటే తప్ప రిజర్వుల్లో ఉండేవాళ్లలో ఎక్కువమందికి దేశ ఎన్నికల్లో ఓటే లేదు. అంటే హౌ పోటీ చేసిన ఏ ఎన్నికలోనూ వాళ్ల మాటకి లెక్క లేదు.

1956లో గ్యాస్ పైప్‌లైన్ బిల్లుని పార్లమెంటులో చర్చ ఆపించి మరీ పాస్ చేయించారు. జనానికి కోపం వచ్చింది. 1957లో పోర్ట్ ఆర్థర్‌లో ఒక స్కూలు టీచరు చేతిలో హౌ ఓడిపోయాడు.

ఆదివాసీలందరికీ హోదా వదలకుండానే ఓటు 1960 జులై 1న వచ్చింది. అదే ఏడు డిసెంబరు 31న హౌ చనిపోయాడు.