అనధికార పశువైద్యం: శిక్షలు

రిజిస్ట్రేషన్ లేకుండా పశువైద్యం చేయడాన్ని భారత పశువైద్య మండలి చట్టం, 1984 నిషేధిస్తుంది. సెక్షన్ 30 ప్రకారం వైద్యం చేసే, పశు ఆరోగ్య ధ్రువపత్రాలపై సంతకం పెట్టే, కోర్టులో పశువైద్య నిపుణులుగా సాక్ష్యం చెప్పే హక్కు రిజిస్టరైన వైద్యులదే. రాష్ట్ర ప్రభుత్వం అనుమతిస్తే, డిప్లొమా పొందిన సహాయకులు రిజిస్టరైన వైద్యుల పర్యవేక్షణలో చిన్నపాటి సేవలు అందించవచ్చు.

రిజిస్టరులో పేరున్నట్టు అబద్ధం చెప్పి దోషిగా తేలితే, ఈ చట్టం ప్రకారం మొదటిసారి రూ.500 వరకు జరిమానా; మళ్లీ తేలితే 6 నెలల వరకు జైలు, లేదా రూ.1,000 వరకు జరిమానా, లేదా రెండూ.

కోళ్లు, పక్షులు అమ్మే చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్ వంటి చోట్ల రిజిస్ట్రేషన్ నిబంధన ఎంతో అవసరం. రిజిస్ట్రేషన్ లేనివారు ఇష్టమొచ్చిన మోతాదులో యాంటీబయాటిక్స్ వాడితే మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరిగి, మనుషులకూ ముప్పు తెస్తాయి. ఆ ముప్పు ముందు 1984 నాటి జరిమానాలు చాలా స్వల్పం.